పచ్చ టిక్కు

“రాత్రి వంట సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్ళిరా” అన్నాడు మొగుడు, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు. ఆమె అప్పుడు సింకు దగ్గర మాడిన పాలగిన్నె తోముతోంది. దాన్ని మాడ్చింది కూడా ఆయనే. పదకొండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆమె ఒక కాన్ఫరెన్సుకి వెళ్తోంది. ఆ సాయంత్రం భోజనానికి వస్తున్నదేమో ఆయన ఆఫీసు పెద్దలు. అందుకని అంతమాట అన్నాడు. పక్కగదిలోంచి అత్తగారు విని ఫోనులో కూతురికి అప్పుడే చేరవేసేసింది. “మీ అన్నయ్య వంట కూడా చేస్తానంటున్నాడే. ఈ రోజుల్లో ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు చెప్పు.” ఇంకా పొయ్యి వెలిగించనే లేదు, పేరు మాత్రం వచ్చేసింది. ఆమె గిన్నె బోర్లించి, కూరగాయలన్నీ తరిగి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంది. తరగమని ఎవరూ అడగలేదు. ఎందుకైనా మంచిదని తరిగింది.

ఆమెది బ్యాకెండ్ పని. జనం ఫోనులో చూసే తెర వెనకాల, ఎవరి కంటా పడకుండా నడిచే కోడు రాయడం. ఆ తెరను తయారుచేసేవాళ్ళది ఫ్రంటెండ్. ఏదైనా కొత్తది పూర్తయితే వాళ్ళు దాన్ని అందరి ముందూ పెద్ద తెర మీద చూపిస్తారు, చప్పట్లు పడతాయి. ఆమె చివరి వరసలో కూర్చుని, మధ్యలో ఏదైనా తెగితే గుట్టుచప్పుడు కాకుండా అతికిస్తుంటుంది. తననూ ఫ్రంటెండ్‌లోకి మార్చమని రెండేళ్ళ కిందట అడిగితే మేనేజరు నవ్వాడు. “మీరక్కడే ఉండాలమ్మా. మీరుంటే వెనకాల ఏం జరుగుతోందో మేం చూసుకోనే అక్కర్లేదు.” ఆ పూటకి పొగడ్తే అనుకుంది. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటుంటే గాని ఒళ్ళు మండలేదు. అందుకే ఇప్పుడు సెలవు పెట్టుకుని, సొంతంగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. ఇక్కడ రోజంతా ఫ్రంటెండ్ నేర్పిస్తారు. అయిదున్నరకి, బాగా వచ్చిన పది పేజీలను చేసినవాళ్ళ పేర్లతో సహా పెద్ద హాల్లో చూపిస్తారు. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు కూడా ఆ హాల్లో ఉంటాడు. అక్కడ తన పేరు పడాలి. ఆమెకి కావలసింది అంతే.

పాఠం చెప్పే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు నెత్తి మీదకి నెట్టుకుని, “మీ ఇంటి పనుల పేజీ ఒకటి చేయండి. ఏ పని, ఎవరిది, అయిందా లేదా. చూడగానే తెలిసిపోవాలి” అంది. అందరూ రంగులు ఎంచుకోవడంలో పడ్డారు. ఆమె అలవాటు కొద్దీ ముందు వెనకాల నడిచే కోడు రాసుకుని, ఆ తరవాతే తెర జోలికి వెళ్ళింది. వరసగా పనులు, వాటి పక్కన మనుషులు, అయిన పనికి పచ్చ టిక్కు, కానిదానికి ఎర్ర గీత. నొక్కితే రంగు మారుతుంటే చిన్నపిల్లలా పదిసార్లు నొక్కి చూసుకుంది. తను చేసింది కంటికి కనబడితే ఇంత బాగుంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

మూడింటికి పాఠం చెప్పే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ‘రాత్రి వంట - మా ఆయన’ అన్న వరస చూసి, చేయలేదని నొక్కింది. పచ్చ టిక్కు అలాగే ఉంది. మళ్ళీ నొక్కింది.

“ఇదేంటి, చేయకపోయినా అయిందనే చూపిస్తోంది?”

“ఆయన చేయకపోతే రెండో మనిషికి వెళ్ళిపోతుందండీ. వెనకాల అలా రాశాను. పని ఆగదు.”

“రెండో మనిషి ఎవరు?”

“నేను.”

“మీ అత్తగారి పనులకి?”

“నేనే.”

“మరి మీ పనులకి రెండో మనిషి?”

ఆమె కోడు కిందికీ పైకీ చూసింది. అక్కడ ఎవరినీ రాయలేదు.

“సరే, మీరు చేస్తే టిక్కు ఆయన పేరు పక్కన ఎందుకు పడింది?”

“పనైతే అయింది కదండీ” అంది ఆమె నీరసంగా.

ఆవిడ నవ్వలేదు. “మీ బ్యాకెండ్ వాళ్ళందరూ చేసే పొరపాటే ఇది. ఏది తెగినా లోపల్లోపలే సర్దేస్తారు. ముందున్నవాళ్ళు అంతా సవ్యంగా ఉందనుకుంటారు. కానిది కాలేదని కనబడాలమ్మా. ఇలాగైతే ఆ పది పేజీల్లో పెట్టలేను. అయిదింటిలోగా సరిచేసి చూపించండి.”

పనిని రెండో మనిషికి తోసేది ఆరు వరసల కోడు. ఎప్పుడు రాసిందో కూడా గుర్తులేదు, వేళ్ళే రాసేశాయి. కిందటేడు పెద్ద కస్టమరు ముందు తెర రెండుసార్లు ఆగబోతే వెనక వరసలోంచి నిలబెట్టింది తను. ‘ఒక్కసారి కూడా ఆగలేదు’ అని చెప్పి బహుమతి తీసుకున్న ఫ్రంటెండ్ కుర్రాడు అబద్ధమాడలేదు. ఆగబోయిందని వాడికి నిజంగానే తెలియదు. అత్తగారి పుట్టినరోజుకి శాలువా ఎంచి, కొని, మడతపెట్టి మొగుడి చేతికిచ్చింది తను. ‘వాడికి నేనంటే ప్రాణం’ అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటే మొగుడు మొహమాటంగా నవ్వి ఊరుకున్నాడు. పోనీ, సర్దకుండా వదిలేస్తే? జ్వరంతో రెండు రోజులు మంచం దిగకపోతే ‘ఇల్లు ఇల్లులా లేదు’ అంది అత్తగారు, తన వైపే చూస్తూ. పని అయితే టిక్కు వాళ్ళది, కాకపోతే గీత తనది. ఆ లెక్కన ఏళ్ళకేళ్ళు గాడిద చాకిరీ చేసి, చివరికి దాన్నే కోడుగా కూడా రాసి పెట్టింది. తన మీద తనకే అసహ్యమేసింది.

నాలుగుంబావుకి ఫోను మోగింది.

“ఎక్కడిదాకా వచ్చావ్?” అన్నాడు మొగుడు.

“ఇక్కడే ఉన్నాను.”

“అదేంటి, ఏడింటికల్లా వాళ్ళొచ్చేస్తారు. నాకు వేరే పని పడింది, వంట కుదిరేలా లేదు. ఎలాగూ అన్నీ తరిగే పెట్టావుగా, గంటలో అయిపోతుంది. ఇప్పుడు బయల్దేరితే సరిపోతుంది.”

అప్పటికే ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది, సంచి భుజానికి ఎక్కేసింది. ఇదీ వేళ్ళు చేసిన పనే. తరిగే పెట్టావుగా అన్న మాట మాత్రం చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఆమె సంచి దించింది.

“నేను రావట్లేదండీ. వచ్చేసరికి ఎనిమిదవుతుంది.”

“మరి వంట?”

“మీరు చూసుకుంటానన్నారు.”

“కుదర్లేదంటున్నాగా. వాళ్ళకేం చెప్పమంటావ్?”

“కుదర్లేదని చెప్పండి.”

ఆయన గొంతు తగ్గించి, “అలా ఎలా చెప్తాను? నేనే స్వయంగా వండి పెడతానని వాళ్ళని పిలిచాను. వారం నుంచీ అదే చెప్తున్నాను. నా పరువేం కావాలి?” అన్నాడు.

వాళ్ళకి వారం నుంచీ చెప్తున్న మాట ఆమెకి ఇవాళే చెప్పాడు, అంటే వండబోయేది ఆమేనని ఆయనకి ముందే తెలుసు. అన్నీ తెలిసే టిక్కు వారం ముందే పెట్టేసుకున్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ ఆరు వరసలూ వెతికి పట్టుకుని, ఒక్కొక్కటే చెరిపేసి, అయిదు కాకముందే పాఠం చెప్పే ఆవిడకి చూపించింది.

అయిదున్నరకి హాల్లో దీపాలు తగ్గాయి. నాలుగో పేజీ ఆమెది. పైన ఆమె పేరు, అంత పెద్ద అక్షరాల్లో. కింద పనులు, మనుషులు, టిక్కులు. ‘రాత్రి వంట - మా ఆయన’ పక్కన ఎర్ర గీత గోడంత తెర మీద నిలబడి ఉంది. సంచిలో ఫోను ఆగి ఆగి కదులుతోంది. ముందు వరసలోంచి మేనేజరు ఆమెను గుర్తుపట్టి, చనువుగా నవ్వాడు.

“ఏంటమ్మా, అక్కడేదో ఎర్రగా వస్తోంది. మీరు రాసినదాంట్లో కూడా తప్పు పడిందా?”

ఆమె తనకి అందించిన మైకు దగ్గరికి తీసుకుంది.

“లేదండీ, తప్పు ఇన్నాళ్ళూ ఉంది. ఇవాళే సరిచేశాను.”