‘ఇంటి మాటలు’ ఫోల్డరు

నాకు ఓపిక తక్కువని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున్న బావ ఫోను చేసి, కంప్యూటరులోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తోందనీ, అప్పటికే పదిసార్లు ఆపి మళ్ళీ వేశాననీ చెబితే, నోటిదాకా వచ్చిన మాట మింగేసి బయల్దేరాను. మనిషి నాకన్నా పెద్దవారు. పైగా ఆ డిస్కులో ఉన్నది మా అక్క గొంతు.

అక్కకి నెల కిందట గొంతు ఆపరేషను అయింది. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆపరేషనుకి ముందు రికార్డు చేసిన వాక్యాలు కనీసం మూడు వందలు ఇస్తే, తను టైపు చేసిందల్లా తన గొంతుతోనే పలికే యంత్రం చేసిస్తామని ఒక కంపెనీ వాళ్ళు పెద్ద జాబితా ఇచ్చారు. అక్క వారం రోజులు మైకు ముందు కూర్చుని మొత్తం చదివింది. కంపెనీకి పంపేదాకా దాచిపెట్టే పని బావది.

వెళ్ళగానే రెండో కాపీ ఎక్కడుందని అడిగాను. లేకేం, ఉందన్నారు బావ ధీమాగా. ‘భద్రం’ అని పేరు పెట్టి మరో ఫోల్డరులో దాచారట. అదే డిస్కులో.

“రెండు తాళంచెవులూ ఒకే జేబులో వేసుకున్నారన్నమాట,” అన్నాను. ఆయన మొహం చూశాక ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడమే నా పని. డిస్కు విప్పి నా లాప్‌టాప్‌కి తగిలించాను. పాడవుతున్న డిస్కు దగ్గర మన తొందర చెల్లదు. కాసేపు చదివించి, వేడెక్కగానే ఆపి చల్లారనివ్వాలి. ఒక ఫైలు మొరాయిస్తే దాని దగ్గరే మొండికేయకుండా తర్వాతి దానికి వెళ్ళిపోవాలి. తిట్టుకుంటూనే అలా చేశాను. మధ్యాహ్నానికి నూట తొంభై వాక్యాలు చేతికొచ్చాయి. చప్పుడు మాత్రం ఎక్కువైంది.

అప్పుడు అక్క నా భుజం తట్టి నోట్‌బుక్కు ముందుకు తోసింది. ‘ఇంటి మాటలు’ ఫోల్డరు ముందు తియ్యమని రాసి ఉంది.

తెరిచి చూస్తే జాబితాలో లేనివి, తనంతట తను రికార్డు చేసుకున్నవి, నలభై ఆరు ఫైళ్ళు. కంపెనీ అడిగిన మూడు వందల్లో ఇవి లెక్కకి రావు.

“నీకేమైనా మతిపోయిందా అక్కా? ఇదెంతసేపు బతుకుతుందో తెలీదు. ఇంకో నూట పది వస్తే నీ ఇష్టమొచ్చింది మాట్లాడుకోవచ్చు.”

అక్క పెన్ను తీసుకుంది. ‘జాబితాలోవన్నీ రైలు వేళలు, వాతావరణం. నేనెప్పుడైనా అలా మాట్లాడానా? అవి ఎవరివో. ఇవి నావి.’

బావ నా పక్షాన మాట్లాడతారనుకున్నాను. ఆయన నోట్‌బుక్కు రెండుసార్లు చదివి, “తను చెప్పినట్టే చెయ్యి,” అన్నారు.

నలభై మూడు వచ్చాయి. గబగబా మళ్ళీ జాబితాకి వెళ్ళాను. మొత్తం రెండు వందల పన్నెండు వాక్యాలు వచ్చేసరికి డిస్కు కరకరమని ఆగిపోయింది. లోపల ఫైళ్ళు ఉండే రేకు గీసుకుపోయింది, ఇక ఏ లాబ్‌కి పంపినా దండగే. స్క్రూడ్రైవరు బల్లమీద విసిరికొట్టాను. కోపమనుకున్నాను గానీ, ఏడుపది.

“అంతా నా వల్లే,” అన్నారు బావ. విసిరిన స్క్రూడ్రైవరు తీసి పక్కన పెట్టి కూర్చున్నారు.

అక్క తన ఫోను అందుకుంది. నేను అందులో ఎక్కించి ఇచ్చిన ఫైళ్ళు వెతికి, ఒకటి నొక్కింది.

“తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?”

బావ ఠక్కున లేచి పడగ్గది వైపు నాలుగడుగులు వేసేశారు. గుమ్మం దగ్గర ఆగిపోయారు. మంచం మీద తువ్వాలు లేదు. ఆపరేషను అయిన దగ్గర్నుంచీ ఎవరూ చెప్పకుండానే బాల్కనీలో ఆరేస్తున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎన్నడూ లేని బుద్ధి అది.

మర్నాడు పొద్దున్న, మరిచిపోయిన కేబులు కోసం వెళ్ళాను. బావ స్నానం చేసి వచ్చి హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పడం లేదు, చెవులు మాత్రం పడగ్గది వైపే ఉన్నాయి. తలుపు సందులోంచి చూశాను. మంచం నడిమధ్యన, సరిగ్గా పిండను కూడా పిండకుండా, నీళ్ళోడుతూ తువ్వాలు. అక్క దాన్ని ముట్టుకోలేదు. దిండు కింద ఫోను కోసం వెతుక్కుంటోంది.