అడ్డాకు మీద ఆవిరి

మధ్యాహ్నం ఎండ వసారా మెట్టు దాకా వచ్చేసరికి పనసగుడలోని ఆ ఇంటి ముగ్గురు ఆడవాళ్లూ ఆకులు కుట్టడానికి కూర్చుంటారు. అత్త గంగాభవాని గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని మధ్యలో. పెద్దకోడలు నీలవేణి ఆమె పక్కన. చిన్నకోడలు సాయిదుర్గ గుమ్మం దగ్గర, వెలుతురు బాగా పడే చోట. అడవి నుంచి తెచ్చిన అడ్డాకుల కట్ట విప్పి, తడిగుడ్డతో తుడిచి, ఆకు మీద ఆకు వేసి, సన్నగా చీల్చిన వెదురు పుల్లతో గుచ్చి, మిగిలిన కొసని పుటుక్కున విరుస్తారు. ఆ పుటుక్కు చప్పుళ్ల మధ్య ఊళ్లో సంగతులన్నీ దొర్లిపోతాయి. లోపల నిప్పుల్లో పెట్టిన దుంపలు కాలిన వాసన వస్తే ఎవరో ఒకరు లేచి తెస్తారు.

సాయిదుర్గ చేతులు ఊరుకోవు. విస్తళ్లు కుడుతూ కుడుతూ మధ్యలో ఒక దొన్నె చేస్తుంది, మూత ఉన్న పెట్టె చేస్తుంది, దారిన పోయే పిల్లాడికి టోపీ చేసి పెడుతుంది. ఒకసారి తోక పట్టి లాగితే రెక్కలాడించే పిట్టని చేసింది. పెళ్లై వచ్చిన కొత్తలో ఆమెకి ఆకు పట్టుకోవడం కూడా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నీలవేణే. నీలవేణి పిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో ఉంటారు, సెలవులకి తప్ప రారు. వాళ్లు వెళ్లాక మధ్యాహ్నాలని ఆమెకి భరించేలా చేసింది ఆ చిన్నకోడలి కబుర్లే.

గంగాభవాని కుట్టిన విస్తరికి ఒక గుణం ఉంది. ఒకరికి చెప్పాల్సిన మాటని ఎవరైనా కడుపులో దాచుకుంటే, ఆ విస్తరిలో వాళ్లకి వడ్డించిన అన్నం చల్లారదు. ఆవిరి వస్తూనే ఉంటుంది, చెయ్యి పెడితే కాలుతుంది. వానాకాలంలో కాళ్లకి జలగలు పట్టడం ఎంత మామూలో ఆ ఊరివాళ్లకి ఇదీ అంతే. అన్నం చల్లారని మనిషి మెల్లిగా లేచి, ఎవరికి చెప్పాలో వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పేసి, వచ్చి తింటాడు. ఏం చెప్పావని అడగడం మర్యాద కాదు. నీలవేణి మొగుడు బుధు ఒకసారి ముద్ద కలపబోయి లేచి పొరుగూరు దాకా నడిచి, వాళ్ల పనసకాయలు కోసింది తానేనని ఒప్పుకుని, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి తిన్నాడు.

సంతలో గంగాభవాని విస్తళ్లు కొనుక్కుని మైదానం వాళ్లు పెళ్లిళ్లకి పట్టుకెళ్తారు. అక్కడ ఏ వరసలో చూసినా అన్నం పొగలు కక్కుతూనే ఉంటుందట. దాంతో ఆ పక్క వంటవాళ్లకి మంచి పేరొచ్చింది.

వలిసె పూలు పూసి కొండ కింద చేలన్నీ పచ్చగా మెరుస్తున్న రోజుల్లో, అరకులో చేతిపనుల కేంద్రం నడిపే భాను అనే ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చిన కొందరు ఆడవాళ్లని వ్యాన్‌లో పనసగుడకి తీసుకొచ్చింది. పూల మధ్య ఫొటోలు అయిపోయాక వాళ్లు వసారాలో కూర్చుని ఆకులు కుట్టడానికి తంటాలు పడ్డారు.

"నాది విస్తరిలా లేదు, జల్లెడలా ఉంది" అంది ఒకావిడ.

"పరవాలేదండీ, పులుసు పోయించుకోకండి" అంది సాయిదుర్గ. అందరూ నవ్వారు. ఆమె ఒక్కొక్కరి వెనక్కీ వెళ్లి, వాళ్ల వేళ్ల మీద తన వేళ్లు ఉంచి కుట్టించింది. పొద్దు వాలేసరికి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దొన్నె ఉంది. వ్యాన్ ఎక్కడానికి ఎవరికీ మనసు రాలేదు.

వెళ్లేముందు భాను సాయిదుర్గని పక్కకి పిలిచింది. "ఇలా వచ్చేవాళ్లకి నేర్పడానికి మాకొక మనిషి కావాలి. వారమంతా కేంద్రంలో ఉండాలి, గది ఇస్తాం. శనివారం శనివారం ఇంటికి రావొచ్చు. మా పెద్దవాళ్లతో మాట్లాడి ఫోన్ చేస్తాను."

ఆ ఇంట్లో ఫోన్ నీలవేణి దగ్గర ఉంటుంది. సిగ్నల్ కాఫీ తోట పైన బండ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. రోజూ పళ్లు కొయ్యడానికి అటు వెళ్లేది ఆమే.

సాయిదుర్గ మొగుడు భీముడు "ఎల్లు, నాను వొండుకుంటాను" అన్నాడు.

"ఉప్పు డబ్బా ఎక్కడుందో ముందు ఆడికి సూపించీసి ఎల్లు" అంది గంగాభవాని.

ఫోన్ వచ్చిన రోజు నీలవేణి నడుముకి కట్టుకున్న బుట్ట సగం నిండింది. భాను గొంతు తెగుతూ తెగుతూ వినిపించింది. సాయిదుర్గని సోమవారం పంపించండి, ఆ రోజు రాకపోతే ఇంకొకరిని తీసుకోవాలి, అంది. "అలాగేనమ్మా" అంది నీలవేణి. చెప్పాలనే కొండ దిగింది. ఎలా చెప్పాలో కూడా అనుకుంది. ముందు ఏడిపించి, తరవాత చెప్పాలని.

వసారాలో సాయిదుర్గ ఆకు పెట్టెకి మూత బిగిస్తోంది. "ఇది నీకే అక్కా, బొట్టుబిళ్లలు దాసుకో" అని చేతిలో పెట్టింది. చాప మీద ఆమె కూర్చునే చోటు, గుమ్మం పక్కన అరిగి నున్నబడిన గచ్చు, నీలవేణి కంటపడ్డాయి.

"ఫోనేటైనా వొచ్చిందేటక్కా?"

"నేదే" అంది నీలవేణి.

అంతే. ఆ మాట అనడానికి ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం అందరూ తిని లేచినా నీలవేణి విస్తరిలో అన్నం పొగలు కక్కుతూనే ఉంది. విస్తరి చిరిగిందని ఏదో అని, లోపలికెళ్లి స్టీలు పళ్లెం తెచ్చుకుంది. మర్నాడూ పళ్లెమే. రోజూ గంగాభవాని ఆమె ముందు ఒక విస్తరి వెయ్యడం, కాసేపు చూసి, మాట్లాడకుండా తీసి గోడకి ఆనించడం.

"పళ్లెం మీద మోజు పడ్డావేటే, పట్నపోల్ల లాగ?" అన్నాడు బుధు.

"తోముకునేది నానే కదా, నీకేటి?" అంది నీలవేణి.

అతను మరి అడగలేదు. సాయిదుర్గ అసలే అడగలేదు.

సోమవారం పొద్దున్న మలుపు దగ్గర అరకు వెళ్లే జీపు హారన్ వినిపించింది. బోరింగు దగ్గర బిందె నింపుతున్న సాయిదుర్గ తలెత్తి అటు చూసి, మళ్లీ బిందె వైపు తిరిగింది. నీలవేణి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నోరు తెరిస్తే జీపుని ఇంకా ఆపవచ్చు. జీపు వెళ్లిపోయింది.

తరవాత్తరవాత సాయిదుర్గ ఫోన్ సంగతి ఎత్తడం మానేసింది. పెట్టెలూ పిట్టలూ మానేసింది. ఉత్త విస్తళ్లే, ఒకదాని మీద ఒకటి.

"నాకు సదువు నేదని ఒగ్గేసుంటారక్కా" అంది ఒక మధ్యాహ్నం, తల ఎత్తకుండా. "సంతకం ఎట్టడం కూడా సరింగా రాదు నాకు. ఏటి సూసి పిలుత్తారు?"

నీలవేణి పుల్ల విరిచింది. అది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది.

అంతలో కొత్త సామల పండగ వచ్చింది. ఆ రోజు కొత్త గింజని ఆకులో తప్ప తినకూడదు. ఊరంతా దేవుడి రాయి ముందు వరసగా కూర్చుంటుంది. గంగాభవాని విస్తళ్లు వేస్తారు, సామన్నం, గుమ్మడికాయ కూర వడ్డిస్తారు. అందరి విస్తళ్ల మీదా ఆవిరి తగ్గేదాకా ఒక్కరూ ముద్ద ఎత్తకూడదు. ఎవరిదైనా తగ్గకపోతే, ఆ మనిషి వెళ్లాల్సిన చోటికి వెళ్లి వచ్చేదాకా ఊరంతా కూర్చుంటుంది. ఎంతసేపైనా సరే.

ఊరిపెద్ద అప్పన్న వరస వైపు చూసి "కానీండి, సల్లారనీండి" అన్నాడు.

ఒక చివర నుంచి ఆవిర్లు పలచబడుతూ వచ్చాయి. భీముడిది తగ్గింది. బుధుది కాస్త ఆలస్యంగా తగ్గింది. సాయిదుర్గది తగ్గింది. చివరికి ఆ పొడుగాటి వరసలో ఒక్క నీలవేణి ముందు మాత్రం తెల్లటి పోగు నిలువుగా లేస్తూ ఉండిపోయింది.

ఎవరూ అటు చూడలేదు. అది మర్యాద. కాఫీ పళ్ల గురించి, పాడైన జీపు గురించి మాట్లాడుకున్నారు. ఎవరో చంటిపిల్ల ఏడుపు మొదలెడితే తల్లి దాన్ని భుజాన వేసుకుని ఊపింది.

మిగతావాళ్లకైతే లేచి నడవడానికి కాస్త దారి ఉంటుంది. మాటలు కూడబలుక్కోవడానికి ఆ దారి పనికొస్తుంది. నీలవేణికి ఆ దారి లేదు. చెప్పాల్సిన మనిషి మోకాలు తన మోకాలికి తగులుతోంది.

"ఒలే దుర్గా" అంది, విస్తరి వైపే చూస్తూ. "ఫోనొచ్చింది."

"ఎప్పుడక్కా?"

"ఎప్పుడో. ఆ పెట్టె నా సేతిలో ఎట్టావు సూడు, ఆ రోజే. సోమారం రమ్మంది. నాను నీకు సెప్పనేదు. మర్సిపోయి కాదు. సెప్పనేదు, అంతే."

కాఫీ పళ్ల కబుర్లు ఆగిపోయాయి. భీముడు తల ఎత్తి వదినని చూసి, మళ్లీ దించుకున్నాడు.

సాయిదుర్గ తన విస్తరి అంచు సర్దుకుంది. తరవాత ఎప్పుడూ నవ్వినట్టే నవ్వింది. "పర్లేదక్కా. అయిపోయిందేదో అయిపోయింది. పర్లేదు."

నీలవేణి ముందు తెల్లటి పోగు వణికి, పలచబడి, మాయమైంది. అప్పన్న ముద్ద కోసం చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. అప్పటిదాకా చల్లగా ఉన్న సాయిదుర్గ అన్నం లోంచి ఆవిరి లేస్తోంది. మొదట సన్నగా. తరవాత అప్పుడే కుండలోంచి తీసినట్టు.

అప్పన్న చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. వరసంతా పెట్టుకుంది.

"దుర్గా" అంది గంగాభవాని నెమ్మదిగా. "జనం ఆకలి మీదున్నారమ్మా. మంచితనం తరవాత సూసుకుందుము గానీ."

సాయిదుర్గ ఆ ఆవిరినే చూస్తూ కూర్చుంది. ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూరలో కారం ఎక్కువైనా పర్లేదు, వానలో బట్టలు తడిసినా పర్లేదు. అందుకే ఆమె అందరికీ ఇష్టం.

"పర్లేదు కాదు" అంది చివరికి. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "సదువు నేనిదాన్నని నన్ను నానే తిట్టుకున్నానక్కా. నువ్వు పక్కన కూకుని ఇన్నావు. పుల్ల ఇరుసుకుంటా ఇన్నావు."

"ఇన్నాను" అంది నీలవేణి.

"ఎందుకు?"

"నువ్వెల్లిపోతే మద్దేన్నం ఎవుల్తో కూకోవాల నాను?"

"ఆ మాట నాకు సెప్పుంటే ఎల్లేదాన్నో, మానేదాన్నో. నన్నడగనేదు కదా నువ్వు." సాయిదుర్గ ముక్కు చీదుకుంది. "నాకు కోపంగుంది. సాలా కోపంగుంది. ఇప్పుడు ఎల్తాను. ఆల్లు రమ్మన్నా, పొమ్మన్నా, ఎల్లి అడుగుతాను."

ఆవిరి తగ్గింది. అప్పన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వరసంతా తినడం మొదలుపెట్టింది. నీలవేణి అన్నం ఎప్పుడో చల్లారి గడ్డకట్టింది. ఆమె అందరితో పాటే తింది, మెతుకు వదలకుండా.

మర్నాడు జీపు దగ్గర "నానూ వొచ్చి ఆవిడితో సెప్తాను" అంది నీలవేణి.

"రావద్దు. ఫోన్లో సెప్పు."

బండ ఎక్కి చెప్పింది. మీరు ఫోన్ చేశారు, దుర్గకి నేను చెప్పలేదు, కావాలనే చెప్పలేదు, తప్పు తనది కాదు అంది.   

అరకులో చోటు అప్పటికే వేరే ఆమెకి ఇచ్చేశారు. అనంతగిరిలో కాఫీ తోటల పక్కన కొత్తగా ఇంకొక కేంద్రం తెరుస్తుంటే, సాయిదుర్గని అక్కడ పెట్టుకున్నారు. అక్కడికొచ్చే పట్నం వాళ్లు తమ దొన్నె చూపించి బాగుందా అని అడిగితే, ఆమె తిప్పి చూసి "బాగోనేదమ్మా, ఇప్పీండి, మల్లీ కుడదాం" అంటుందట. అలా అంటుందనే మళ్లీ మళ్లీ ఆమె దగ్గరికే వస్తున్నారట. ఈ సంగతి భీముడు చెప్పుకుని మురిసిపోతాడు. ఉప్పు డబ్బా అతనికి దొరికింది.

అరకులో అయితే ప్రతి శనివారం ఇంటికి వచ్చేది. అనంతగిరి నుంచి జీపులు మారి రావాలి, ఎప్పుడో నెలకి ఓసారి వస్తుంది. మధ్యాహ్నాలు అత్తా, నీలవేణీ కూర్చుంటారు. గుమ్మం పక్క చోటు ఖాళీగా ఉంటుంది. దూరం చేసింది ఎవరో నీలవేణికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటిసారి ఇంటికొచ్చిన రోజు సాయిదుర్గ తన చోట్లోనే కూర్చుంది. నీలవేణి ఆకులు ముందే తుడిచి పెట్టి ఉంచింది. పొద్దు వాలేదాకా కుట్టారు. ఆకుల గురించే మాట్లాడుకున్నారు. ఈ ఏడు ఆకు చిన్నదైంది, పుల్ల పెళుసుగా ఉంది.

భోజనాల దగ్గర గంగాభవాని విస్తళ్లు వేసింది. నీలవేణి అన్నం చల్లారలేదు.

ఈసారి ఆమె లేచి పళ్లెం కోసం వెళ్లలేదు. సాయిదుర్గ కూడా ముద్ద కలపకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది.

"కోపం పోయిందేటే?" అంది నీలవేణి.

సాయిదుర్గ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"పోనేదు" అంది. "అన్నం తినక్కా."

ఇద్దరి విస్తళ్ల మీదా ఆవిరి లేదు.