ఎంగిలి చెంబు

నేను ఒక ఇత్తడి చెంబుని. బుడితిలో ఒక కంచరి కొలిమిలో కరిగి, సుత్తి దెబ్బలు తిని ఈ రూపానికి వచ్చాను. మొదట నన్ను కొన్నవారింట్లో పెదవి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకునేవారు. ఎంగిలంటే మనుషులకు అంత పట్టింపు. చాడీలు మాత్రం ఒకరి నోటి నుంచి ఇంకొకరు హాయిగా అందుకుంటారు.

తరువాత వాళ్ల దగ్గర నన్ను తీసుకుని, దాలినాయుడు మాస్టారు బడిలో తాను ఆట నేర్పే ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఇచ్చారు. నా బతుకు అక్కడే మారింది. రొప్పుతూ వచ్చిన పిల్ల నా అంచుకు నోరు పెట్టి తాగి, పక్కదానికి అందించేది. కొత్తగా చేరినది ఎత్తి పోసుకోబోతే కెప్టెన్ నీలవేణి ఒప్పుకునేది కాదు.

"ఏటే, మనమేటి పరాయోలమా?" అనేది.

నా అంచుకు నోరు పెడితేనే జట్టులో చేరినట్టు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

జట్టుకు అండ పైడితల్లి. కూతకు వెళ్లిందంటే ఖాళీ చేతులతో వచ్చేది కాదు. జిల్లా ఫైనల్ దగ్గర పడుతుండగా ఆమెకు జ్వరం, గొంతునొప్పి పట్టుకున్నాయి. మెడకు రెండు వైపులా బిళ్లలు కట్టాయి. గవదబిళ్లలనుకుని నానమ్మ తన బంగారు గొలుసు తీసి మెడలో వేసింది. జ్వరం తగ్గింది. గొలుసు మహిమేనని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, పైడితల్లి బరిలోకి వచ్చేసింది. కానీ నన్ను ఎత్తితే ఆమె చేతులు వణికేవి. మాస్టారికి అనుమానం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నీలవేణి నన్ను నీళ్లతో నింపి వెంట తెచ్చింది.

మాస్టారు వరండాలో ఆగిపోయారు. లోపల డాక్టరమ్మ రక్తపరీక్ష ఫలితం చూశారు. "ఇవి గవదబిళ్లలు కావమ్మా, గ్రంథుల జ్వరం. దీని వైరస్ ఉమ్మిలో ఉంటుంది. చాలామందికి చిన్నతనంలోనే తెలియకుండా వచ్చిపోతుంది. ఈ వయసులో వస్తే ఇలా పడగొడుతుంది. యాంటీబయాటిక్‌లు దీనికి పనిచెయ్యవు, విశ్రాంతి తీసుకోవాలి. జ్వరం తగ్గినా వైరస్ ఒంట్లోనే నిద్రపోతూ ఉంటుంది, బతికినంతకాలం."

"ఫైనల్ ఆడొచ్చా అమ్మా?" అని అడిగింది పైడితల్లి.

డాక్టరమ్మ ఎడమ పక్కటెముకల కింద నొక్కి చూశారు. "ప్లీహం వాచింది. దాని మీద దెబ్బ తగిలితే చిట్లి లోపలే రక్తం పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. నేను చెప్పేదాకా బరిలో దిగకు."

గది దాటగానే, మాస్టారి దగ్గరికి చేరకముందే, పైడితల్లి నీలవేణి చెయ్యి పట్టుకుంది. "నానాడతానే. ఎవులికీ చెప్పకు."

"కప్పు పోతే వచ్చే ఏడు తెచ్చుకుంటాం. నువ్వు పోతే ఎక్కడ తెచ్చుకుంటామే?" అంది నీలవేణి.

ఫైనల్ రోజు పైడితల్లి గట్టు మీద కూర్చుని ఏడుస్తూ చూసింది. జట్టు ఓడిపోయింది. కొన్నాళ్లకు నీలవేణికీ అదే జ్వరం వచ్చింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేలక, తప్పంతా చెంబుదేనన్నారు. నోరు లేనిదాని మీద నెపం వేయడం తేలిక. నన్ను చిరిగిన వలల పక్కన సామాన్ల గదిలో పడేశారు.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ జట్టుకు కోచ్ పైడితల్లే. ఎవరి సీసా వారే తెచ్చుకోవాలని ఆమె కట్టడి. మంచిదే. నాకు మాత్రం దిగులుగా ఉండేది.

మొన్న నీలవేణి ఆమెను చూడటానికి వచ్చింది. పైడితల్లి నన్ను వెతికి తీసి, చింతపండుతో తోమి, నీళ్లు నింపింది. తాను నోరు పెట్టి తాగి నీలవేణికి అందించింది. ఆ జ్వరం తరువాత పట్టుకున్న అలవాటుతో నీలవేణి నన్ను పెదవి తగలకుండా పైకి ఎత్తింది.

"ఏటే, మనమేటి పరాయోలమా? ఉన్నదేదో ఇద్దరిలోనూ ఉంది కదే," అంది పైడితల్లి.

నీలవేణి నన్ను కిందికి దించి, అంచుకు నోరు పెట్టింది.