బావకు పోసిన గ్లాసు

రాఖీ పున్నమి నాడు సూరత్‌లోని గోడాదరాలో ఒక గల్లీలో కరుణ పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు వేసింది. మూడేళ్ల తర్వాత ఆమె అన్న గంగారాం ఆ ఇంటికి వస్తున్నాడు. మామూలుగా రాఖీకి చెల్లెలే అన్న ఇంటికి వెళుతుంది. కరుణకు ఆ వీలు లేదు. భేస్తాన్‌లో ఉన్న బావ ఇంటి గడప తాను తొక్కనని, భార్యనూ తొక్కనివ్వనని ఆమె భర్త సదానందం ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే అన్నే బయలుదేరాడు.

ఆ ఒట్టుకు కారణం ఒక గ్లాసు మంచినీళ్లు.

గంగారాం, సదానందం ఇద్దరూ సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాలు నడుపుతున్నవాళ్లు. మూడేళ్ల కింద గంగారాం భేస్తాన్‌లో ఇల్లు కొనుక్కుని ఎండాకాలంలో గృహప్రవేశం చేశాడు. కార్ఖానా సేటు వచ్చాడు. ఆయనకూ ఆయన వెంట వచ్చినవాళ్లకూ ఠండా పోశారు. కూల్‌డ్రింకును ఆ గల్లీల్లో ఠండా అంటారు. సదానందం కుటుంబం చేరేసరికి సీసాలు అయిపోయాయి. గంగారాం భార్య పద్మారాణి స్టీలు గ్లాసుల్లో కుండ నీళ్లు తెచ్చి ఇచ్చింది. సదానందం గ్లాసు అందుకోలేదు.

"సేటుకు ఠండా, మాకు నీళ్లా?" అని అందరూ వినేటట్టు అడిగాడు. భోజనం చేయకుండా భార్యను, కూతురిని తీసుకుని వెళ్లిపోయాడు.

ఇది చదివి నవ్వు రావచ్చు. నవ్వే ముందు మన ఇళ్ల సంగతి చూసుకోవాలి. ఎవరు వస్తే చాయ్ పెడతాం, ఎవరు వస్తే నీళ్లతో సరిపెడతాం, ఎవరి కోసం దుకాణానికి పరుగెత్తిస్తాం అన్నది మనందరికీ తెలుసు. సదానందం పెరిగిన ఊళ్లో కూల్‌డ్రింకు సీసా మూత కొత్త అల్లుడి కోసమో, సర్పంచి కోసమో తీసేవారు. ఆ ఇంటి పిల్లలు గోడ పక్కన నిలబడి చూసేవారు. అలా చూసినవాళ్లలో సదానందం ఒకడు. సూరత్‌లో ఫ్రిజ్ కొన్నాక అందులో కూరగాయలు లేని రోజులు ఉన్నాయి గానీ, సీసా లేని రోజు లేదు.

కరుణ అన్నకు రాఖీ కట్టి నోట్లో దూద్‌పేడా పెట్టబోయింది. గంగారాం చిటికెడు తుంచుకుని మిగతాది చేతిలోనే ఉంచుకున్నాడు. అంతలో సదానందం అంచుదాకా నింపిన గ్లాసుతో వచ్చాడు.

"తీస్కో బావా."

"వద్దు సదానందం. ఇప్పుడే చాయ్ తాగొచ్చినం."

"చాయ్ చాయే, ఠండా ఠండానే. పట్టు."

"జర నీళ్లియ్యి, చాలు."

సదానందం పెద్దగా నవ్వాడు. మగ్గాల చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇంట్లోనూ అరిచినట్టే మాట్లాడతారు. ఆ నవ్వు గల్లీ అంతా వినిపించింది.

"నీళ్లా? నీళ్ల మర్యాద మీ భేస్తాన్‌ల నడుస్తది బావా. మా గోడాదరాల నడువది."

గంగారాం వెంట వచ్చిన పద్మారాణి మాట కలిపింది. "గట్ల గాదు తమ్మీ, ఆయనకు పడుతలేదు."

"ఏంది పడంది అక్కా? సేటు చేతిదైతే పడుతది, మా ఇంటిదే పడదా?"

పక్కింటి కొమురవ్వ అప్పటికే గుమ్మంలో వచ్చి నిలబడింది. గల్లీలో అందరికంటే పెద్దది ఆమే. "తాగరాదురా గంగారాం! మూడేండ్ల అలుక గీ ఒక్క గిలాసతోటి తీరుతదంటే ఏ పిచ్చోడు ఒద్దంటడు?" అంది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు.

గంగారాం చెల్లెలి ముఖం చూశాడు. ఆమె చేతిలో హారతి పళ్లెం ఉంది. అతను గ్లాసు తీసుకుని తాగాడు. సదానందం మళ్లీ నింపాడు. అతను మళ్లీ తాగాడు.

గంగారాంకు షుగర్ ఉంది. వానలు మొదలైనప్పుడే పరీక్షలో బయటపడింది. మాత్రలు పద్మారాణి సంచిలో ఉంటాయి. అవి ఉన్నట్టు వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. మగ్గాల మధ్య పాళీ, అంటే షిఫ్టు, అయ్యేదాకా నిలబడే ఉండాలి. షుగర్ ఉన్నవాడు నిలబడలేడని తెలిస్తే మేస్త్రీ ఆ మగ్గాలను ఇంకొకరికి అప్పగిస్తాడని గంగారాం భయం. చెల్లెలికి చెబితే ఏడుస్తుందని ఇంకో భయం.

ఆ జబ్బు ఒక్కరోజులో రాలేదు. కార్ఖానాలో కిటికీలు మూసి ఉంటాయి. అక్కడి ట్యాంకు నీళ్లు ఉప్పగా ఉంటాయి. దాహం వేసినా నిద్ర ముంచుకొచ్చినా గంగారాం బయటి చిన్న దుకాణానికి వెళ్లి ఠండా సీసా తాగి వచ్చేవాడు. అందరూ అదే చేసేవారు. సదానందం తన కార్ఖానాలో అప్పటికీ అదే చేస్తున్నాడు. రాఖీ నాటికి గంగారాం అది మానేసి ఇంటి నుంచి నీళ్ల డబ్బా తెచ్చుకుంటున్నాడు. దాన్ని చూసి తోటివాళ్లు "సేటు అయినవా ఏంది?" అని ఎగతాళి చేసేవారు. అతను పట్టించుకోలేదు. కార్ఖానాలో వద్దని చెప్పగలిగిన మాటను చెల్లెలి ఇంట్లో చెప్పలేకపోయాడు.

ఆ రాఖీతో అలుక తీరి, ప్రతి సెలవు రోజునా రాకపోకలు సాగాయి. గంగారాం వస్తే సదానందం ఫ్రిజ్ తలుపు తెరిచేవాడు. సదానందం భేస్తాన్ వెళితే తనే సీసా తీసుకుపోయి బావ ఎదుట మూత తీసేవాడు. ఒకసారి పద్మారాణి అతన్ని వంటగది వైపు పిలిచి, "తమ్మీ, ఆయనకు పొయ్యకు, నీ కాల్మొక్కుత" అంది. ఎందుకో చెప్పే లోపే సదానందం ముఖం మారింది.

"మల్ల మొదలైందా అక్కా? చెప్పు, మేం రావుడే బంద్ చేస్తం."

పద్మారాణి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లింది. సదానందం ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఆమె చెప్పేది.

దసరాకు ముందు కార్ఖానాలో ఇనుప కమ్మి ముక్క ఒకటి గంగారాం పాదంలో గుచ్చుకుంది. కాళ్లలో స్పర్శ తగ్గి ఉండటంతో అతనికి నొప్పి తెలియలేదు. సాయంత్రం చెప్పు తీస్తే రక్తం కనిపించింది. పసుపు అద్ది పనికి పోయాడు. పుండు మానలేదు. వేళ్లు నల్లబడ్డాయి. ఒకనాడు మగ్గాల మధ్య పడిపోతే తోటివాళ్లు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. రెండు వేళ్లు తీసేస్తే గానీ పాదం దక్కదని డాక్టర్లు చెప్పారు. తీసేశారు.

ఆ కబురు సదానందానికి సగమే చేరింది. కాలికి కమ్మి గుచ్చుకుని చీము పట్టిందని కార్ఖానా మనిషి చెప్పాడు, షుగర్ మాట చెప్పలేదు. సదానందం, కరుణ, కూతురు ప్రసన్న ఆసుపత్రికి బయలుదేరారు. రోగిని చూడటానికి వట్టి చేతులతో వెళ్లకూడదు. దారిలో సదానందం బ్రెడ్డు, అరటిపళ్లు కొన్నాడు. తర్వాత మామిడిపండు బొమ్మ ఉన్న పెద్ద సీసా తీసుకున్నాడు. ఇది నల్లటి ఠండా కాదని, పండ్ల రసమని, రోగికి బలమని అనుకున్నాడు. కరుణ కూడా అలాగే అనుకుంది.

వార్డులో గంగారాం కళ్లు మూసుకుని ఉన్నాడు. సదానందం సీసాను మంచం పక్కన బల్ల మీద పెట్టాడు. అదే సమయానికి డాక్టరమ్మ వచ్చింది. మొదట కట్టు చూసింది, తర్వాత బల్ల వైపు చూసింది.

"యే కౌన్ లాయా?" అని అడిగింది. ఇది ఎవరు తెచ్చారని.

చుట్టుపక్కల మంచాల వాళ్లు తిరిగి చూశారు. సదానందం సీసా మీద నుంచి చెయ్యి తీసి గోడ దగ్గరికి జరిగాడు.

"మై లాయీ," అంది పద్మారాణి. నేనే తెచ్చాను అని.

డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి హిందీలో చెప్పింది. ఈయనకు షుగర్ అని నీకు మొదటి రోజే చెప్పాను. ఇందులో ఉన్నది పండు కాదు, ఎక్కువ భాగం చక్కెర నీళ్లు. ఇలాంటి డ్రింకు ఒక్క గ్లాసులో ఆరేడు చెంచాల చక్కెర ఉంటుంది. చాయ్‌లో అంత వేస్తే ఎవరూ తాగలేరు. చల్లగా, పుల్లగా ఉంటుంది కాబట్టి నాలుకకు తెలియదు. కడుపు నిండదు కాబట్టి ఇంకో గ్లాసు తాగుతారు. రోజూ తాగితే ఒళ్లు పెరుగుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది, పళ్లు పుచ్చుతాయి, షుగర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉన్నవాడు తాగితే వేసుకున్న మందు చాలదు. ఈయన వేళ్లు పోవడానికి ఈ సీసాలు ఒక్కటే కారణమని అనను. వేరేవీ ఉంటాయి. కానీ ఇది ఆపగలిగిన కారణం. పొద్దున మాత్ర ఇచ్చి సాయంత్రం ఇది తాగించడానికి నీకు చేతులెలా వచ్చాయి?

పద్మారాణి తల వంచుకుని విన్నది. "గలతీ హో గయీ," అంది. తప్పయింది అని.

సదానందం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు ముందుకేసి ఒక్క మాట అంటే సరిపోయేది. అతను అనలేదు. డాక్టరమ్మ వెళ్లాక పద్మారాణి దగ్గరికి పోయి గుసగుసగా "అక్కా, గట్లెందుకు చెప్పినవ్?" అన్నాడు. గుసగుసగా మాట్లాడటం అతనికి రాదు. ఆ మాట వార్డంతా విన్నది. గంగారాం కళ్లు తెరవలేదు. అతను నిద్రపోవడం లేదని అందరికీ తెలుసు.

పద్మారాణి నెమ్మదిగా చెప్పింది. "నలుగుట్ల నిన్నంటే నువ్వు మల్ల అలుగుతవ్ తమ్మీ. మల్ల మూడేండ్లు రావు. కరుణ అన్నను చూడకుంట ఉండలేదు."

తిరుగు బస్సులో దిగే ముందు పదమూడేళ్ల ప్రసన్న అడిగింది. "బాపూ, అత్త ఝూట్ ఎందుకు చెప్పింది? బాటిలైతే మనమే తెచ్చినం కదా?"

సదానందం కిటికీలోంచి బయటికి చూశాడు. కరుణ కూతురిని ఊరుకోమనలేదు. జవాబు కోసం ఆమె కూడా భర్త వైపే చూస్తోంది.

మర్నాడు కరుణ అతన్ని దగ్గరలోని ల్యాబుకు తీసుకెళ్లింది. షుగర్ ఇంకా రాలేదని, అంచున ఉందని, ఇప్పుడు జాగ్రత్త పడితే ఆపవచ్చని చెప్పారు. అతను కార్ఖానాకు నీళ్ల డబ్బా తీసుకుపోవడం మొదలుపెట్టాడు. తోటివాళ్లు సేటు అన్నారు. ఆ మాట పడటం అంత కష్టం కాలేదు. బావ ముందుకు వెళ్లడమే కష్టమైంది. భేస్తాన్ బస్సు ఎక్కడానికి ఎన్నోసార్లు బయలుదేరి గల్లీ మలుపు నుంచే వెనక్కి వచ్చాడు. కరుణ ఒక్కతే వెళ్లి వస్తూ ఉంది. "అన్న నిన్ను అడుగుతుండు," అని మాత్రం చెప్పేది.

దీపావళికి మగ్గాలు ఆగాయి. పండుగ తర్వాత రెండో నాడు సూరత్‌లో భాయిబీజ్. ఆ రోజు అన్న చెల్లెలి ఇంట్లో భోజనం చేస్తాడు. ఇన్నేళ్లుగా అక్కడ ఉన్న మనవాళ్లూ దాన్ని పాటిస్తున్నారు. మధ్యాహ్నం గల్లీ మొదట్లో ఆటో ఆగింది. గంగారాం చేతికర్ర ఊతంతో దిగాడు. పద్మారాణి అతని రెండో చెయ్యి పట్టుకుంది. వాకిళ్లలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

గంగారాం మంచం మీద కూర్చున్నాడు. సదానందం అతని ముఖం చూడకుండా లోపలికి వెళ్లాడు. ఫ్రిజ్ దాటి కుండ దగ్గరికి పోయి స్టీలు గ్లాసులో నీళ్లు ముంచాడు. రెండు చేతులతో తెచ్చి బావ ముందు నిలబడ్డాడు.

కొమురవ్వ గుమ్మంలోనే ఉంది. "ఏందిరా సదానందం, కుంటుకుంట వచ్చిన బావకు నీళ్లేనా? నీ ఠండా యాడ వాయె? సేటుకు పోసొచ్చినవా?"

బయట నవ్వులు వినిపించాయి. సదానందం గుమ్మం వైపు తిరిగాడు. మామూలుగానే, గల్లీ అంతా వినపడే గొంతుతో మాట్లాడాడు.

"నవ్వుండ్రి అవ్వా, నవ్వుండ్రి. నేనే పోసిన గదా అన్ని దినాలు. బావకు షుగరున్నది. వద్దన్నడు, నేనిన్లే. అక్క కాల్మొక్కుత అన్నది, నేనిన్లే. ఎందుకు వద్దంటున్నవని ఒక్కపారి అడుగలే. దవాఖానకు గూడ సీసనే కొనుక్కపోయిన. డాక్టరమ్మ అడిగితే అక్క తానే తెచ్చిన్నని చెప్పి తిట్లు తిన్నది. నేను గోడకు నిలబడి సూసిన. గా సీస నాది."

ఎవరూ నవ్వలేదు. పద్మారాణి కొంగుతో ముఖం తుడుచుకుంది. సదానందం ఆమె వైపు తిరిగి, "అక్కా, మీ ఇంట్ల ఆనాడు నువ్విచ్చిన నీళ్లే మంచియి. నాకే తెల్వలే," అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, "నీ వేళ్లు తేలేను బావా," అన్నాడు.

"నేను గూడ తప్పు చేసిన," అన్నాడు గంగారాం. "రోగమని చెప్పనీకి సిగ్గుపడ్డ. గా సిగ్గే నన్ను తిన్నది." గ్లాసు అందుకుని చివరి చుక్కదాకా తాగి ముందుకు చాపాడు. "ఇంకింత పొయ్యి. ఎండల వచ్చినం, మీ అక్కకు గూడ."

ఆనాడు తాగమన్నవాళ్లలో తానూ ఉన్నానని కొమురవ్వకు గుర్తుంది. లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు గూడ గవే నీళ్లు పొయ్యిరా," అంది.

మన ఇంటికి వచ్చిన మనిషి వద్దంటే, ఆ మాటను అవమానంగా తీసుకోకుండా ఎందుకని అడిగి, ఒక గ్లాసు మంచినీళ్లు ఇద్దాం. అతిథికి మనం చేయగల మర్యాద అదే.