ఎడమచేతి కాజాలు

జ్వరం అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకే వారంలో వచ్చింది. చెల్లెలు లేచి కూర్చుంది, అక్క ఇక లేవలేదు. పోయిన అక్క కోసం ఏడ్చే ఓపికైనా మిగల్చకుండా చెల్లెల్ని వెంటనే నొప్పులు పట్టుకున్నాయి.

అవేం నొప్పులో గానీ, పగవాడికి కూడా వద్దు. జ్వరం తగ్గి నెల దాటినా, పొద్దున్నే మంచం దిగాలంటే మడమలూ మోకాళ్లూ ఒక్కొక్కటీ బతిమాలించుకునేవి. కుడిచేతి వేళ్లది మరీ అన్యాయం. పిడికిలి బిగుసుకుపోయి గంటసేపటిదాకా తెరుచుకునేది కాదు. వాళ్లది కోట్లు కుట్టే కొట్టు. మొగుడు గుడ్డ కత్తిరిస్తాడు, ఈమె మిషను మీద కుడుతుంది, ఎడమచేతి వాటం అక్క చేత్తో గుండీల కాజాలు కుట్టేది. ఇప్పుడు ముగ్గురి పనికి మిగిలింది ఒకటిన్నర మనిషి, ఆ సగం ఈమె.

"వేడినీళ్లలో పది నిమిషాలు చేతులు పెట్టమ్మా. తర్వాత వేళ్లు పదిసార్లు మూసి తెరువు" అని చెప్పింది ఫిజియోథెరపీ డాక్టరమ్మ. "మరీ ఎక్కువ చేస్తే వాస్తాయి, మానేస్తే బిగుసుకుపోతాయి. రోజూ కొంచెం కొంచెంగా చెయ్యాలి."

బుద్ధిగా చేసింది. రెండో వారంలో ఒకరోజు, కాజాల కోసం ఆగిపోయిన కోటు ఒకటి బల్ల మీద కనపడితే మనసు ఉండబట్టలేదు. అక్క స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి మొరాయిస్తుంటే, చూద్దాంలే అని సూది ఎడమచేతికి మార్చింది.

ఎడమ మణికట్టులో నొప్పి చురుక్కుమంది, బొటనవేలిదాకా పాకింది. ఆ వెంటనే చెయ్యి దానంతటదే నడిచింది. ఎడమచేత్తో ఏనాడూ గరిటె కూడా తిప్పని మనిషి! అయిదు కాజాలు, కుట్టు పక్కన కుట్టు, చకచకా పడిపోయాయి. కత్తెర చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా ప్రతి కాజాకీ దారం పళ్లతోనే కొరికింది, అక్కలాగే.

మొగుడు కోటు అందుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది వదిన కుట్టింది కదే?"

"నేనేనండీ. ఇప్పుడే, ఎడమచేత్తో."

"పొద్దున్నే పరాచికాలేంటే నీకు?" అంటూనే కాజా చివరి ముడి తిప్పి చూశాడు. మూడు చుట్లు, వెనక్కి ఒకటి. ఆ ముడి అక్క ఎవరికీ నేర్పలేదు. "నేర్పితే నన్ను ఇంట్లో కూర్చోబెడతారు" అని నవ్వేది. అతను కోటు మడతపెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల్లో సంగతి తెలిసొచ్చింది. వ్యాయామం బాగా చేసి, కీళ్లు తేలికపడిన రోజున ఎడమచేతిలో సూది ఒట్టి ఇనపముక్క. నొప్పి పీకేసే రోజున కుట్టు పరుగెడుతుంది. నొప్పి ఉన్నచోటే అక్క ఉంది.

మీరైతే ఏం చేసేవారు? ఆమె మాత్రం వేడినీళ్లు తూములో పారబోసింది. వ్యాయామం చేశావా అని మొగుడడిగితే చేశానంది. మోకాళ్లు వాచాయి, మెడ పట్టేసింది. ఎడమచెయ్యి తల దువ్వి, అక్కలా పక్కపాపిడి తీసింది. అద్దంలో అది చూసుకుని భయపడాల్సింది పోయి మురిసిపోయింది వెర్రిది. "ఏమే అక్కా, ఇవాళ ఆలస్యంగా వచ్చావ్" అని పలకరించేది కూడా. కుడిచెయ్యి మాత్రం మధ్యాహ్నం దాటినా తెరుచుకోవడం మానేసింది.

డాక్టరమ్మ ఆ పిడికిలి పట్టుకుని కోప్పడింది. "మానేశావు కదూ? నాతో అబద్ధాలాడకు. ఇంకో నెల ఇలాగే వదిలేస్తే ఈ వేళ్లు ఇక తెరుచుకోవు. మిషను సంగతి మర్చిపోవడమే."

పోతే పోనీ అనుకుంది. వేళ్లు పోతాయి, అక్క ఉంటుంది.

ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుంది. మొగుడు కోట్లు ఇవ్వడానికి వెళ్లాడు. సూది ఎక్కించి, "రా అక్కా" అంది. ఎడమచెయ్యి సూదిని తీసి బల్ల మీద పెట్టేసింది. ఆమెను లేపి వంటగదిలోకి లాక్కెళ్లింది. గిన్నెలో నీళ్లు పట్టింది, పొయ్యి వెలిగించింది. నీళ్లు వేడెక్కాక దించి, వేలు ముంచి చూసి, చన్నీళ్లు కలిపింది. తర్వాత కుడి పిడికిలిని దొరకబుచ్చుకుని గిన్నెలో ముంచింది.

"వద్దక్కా! నీ కాళ్లు పట్టుకుంటా, వద్దు!"

వింటేనా? చిన్నప్పుడు బురదచేతులు కడిగినట్టు, కనికరం లేకుండా, ఒక్కో వేలూ విప్పింది. తెరిచింది, మూసింది. ఒకటి. మళ్లీ తెరిచింది. రెండు. ప్రాణం పోతున్నట్టుంది గానీ ఒక్కో లెక్కకీ ఎడమచేతి పట్టు సడలడమే ఆమెను ఎక్కువ ఏడిపించింది. ఎనిమిదికల్లా అది వణుకుతోంది. తొమ్మిదికి, పోనివ్వకూడదని, కుడిచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. చాన్నాళ్ల తర్వాత మొదటిసారి అయిదు వేళ్లూ పట్టుకున్నాయి.

ఆ పట్టులోనే, పదో లెక్కకి, ఎడమచెయ్యి మెల్లగా తెరుచుకుంది. తర్వాత చచ్చుబడినట్టు నీళ్లలో ఊరుకుంది.

మొగుడు వచ్చేసరికి ఆమె ఇంకా అలాగే కూర్చుని ఉంది.

"నీళ్లు చల్లారిపోయాయి కదే! ఎందుకేడుస్తున్నావ్? నొప్పా?"

"లేదండీ" అంది వెక్కుతూ. "ఎక్కడా లేదు."