ఆర్‌ఏసీ బెడ్డు

మా నర్సింగ్‌హోమ్ బోర్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీల బొమ్మలు వరసగా ఉంటాయి. ఆ కంపెనీల కార్డు ఉంటే డబ్బు కట్టకుండా చేరొచ్చని అర్థం. వాటిలో ఒక బొమ్మ పోయిన నెల నుంచి అబద్ధం చెబుతోంది. కంపెనీ మమ్మల్ని తన ఆస్పత్రుల జాబితాలోంచి తీసేసింది, మేమేమో దాని బొమ్మ తీయలేదు. నిచ్చెన వేయించండని మేనేజర్‌కి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "హోబే, హోబే" అంటాడు బెంగాలీలో, అవుతుందిలే అని. ఈ ఊళ్ళో సగం పనులు ఆ మాట దగ్గరే ఆగిపోతాయి.

నేను కూర్చునేది ఆ ఇన్సూరెన్స్ కౌంటర్‌లోనే. పేరు కిరణ్మయి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు కాబట్టి, మేముండే మలంచా పేటలో ఏ తెలుగింట్లో జ్వరమొచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. డాక్టరు కన్నా నేనే గొప్పన్నట్టు. నా చేతిలో ఉన్నది ఒక కంప్యూటరు, ఒక ఫోను. అంతకు మించి ఏమీ లేదంటే ఎవరూ నమ్మరు.

ఆ రోజు పొద్దున్నే ఎర్రయ్య బాబాయి తన కొడుకు ప్రేమ్‌కుమార్‌ని ఆటోలో తీసుకొచ్చాడు. బాబాయి మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. ప్రేమ్ కూడా అదే వర్క్‌షాపులో వెల్డరు, కాకపోతే కాంట్రాక్టరు కింద. అందుకే తండ్రికి రైల్వే ఆస్పత్రి ఉంది, కొడుక్కి లేదు. కొడుక్కి కాంట్రాక్టరు తీయించిన ఇన్సూరెన్స్ కార్డు ఉంది. వాళ్ళ వెనకే ప్రేమ్ భార్య సత్యవాణి కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

గుండెపోటు. ఎమర్జెన్సీలో ఇంజెక్షన్ చేస్తే నొప్పి తగ్గింది. డాక్టరు బయటికొచ్చి, ఇవాళే స్టెంట్ వేయాలి, మనిషిని దూరం కదిలించొద్దు అన్నాడు. బాబాయి జేబులోంచి కార్డు తీసి నా ముందు పెట్టాడు. ఎంత భద్రంగా దాచాడో, గీత కూడా పడలేదు.

"ఇది ఇక్కడ చెల్లదు బాబాయ్."

"అదేటమ్మా? బయట బోర్డు మీదున్నాది కదా."

బోర్డు పాతదన్నాను. కంపెనీలో చేరే జనం ఏటేటా పెరుగుతున్నారు. జనం పెరిగేకొద్దీ కంపెనీ బలం పెరిగింది, నేనిచ్చిన రేటుకే వైద్యం చేయండి అంది. మా యజమాని కుదరదన్నాడు. ఆ కబురు ఇంగ్లీషులో కాంట్రాక్టరు ఫోనుకి వెళ్ళింది, ఆయన వీళ్ళకి చెప్పలేదు. ఇదంతా వివరిస్తుంటే నా మీద నాకే చిరాకేసింది. గుండె పట్టుకుని వచ్చినవాళ్ళకి చెప్పాల్సిన సంగతులా ఇవి?

"జనం ఎక్కువైతే బండికి పెట్టెలు తగిలిస్తారు గాని, టేసన్లు తీసేస్తారేటమ్మా?" అన్నాడు బాబాయి. వెటకారం కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. తెలిసినవాళ్ళు, ముందు చేర్చుకోండి, తర్వాత చూద్దాం అన్నాను. డిపాజిట్ లేకుండా యజమాని ఒప్పుకోడన్నాడు. బాబాయి పెన్షన్ మీద అప్పటికే అప్పుంది. డాక్టరు మంచివాడే, ఏం లాభం. ప్రభుత్వాస్పత్రికెళ్ళినా అక్కణ్ణుంచి కలకత్తాకే రాస్తారన్నాడు.

కంప్యూటర్‌లో చూస్తే ఆ కార్డు చెల్లే ఆస్పత్రి ఒకటి కలకత్తాలో ఉంది, ఒకటి వైజాగ్‌లో ఉంది. "అంబులెన్స్ మాట్లాడతాను, కలకత్తా పొండి," అన్నాను.

"కలకత్తాలో మనకెవులున్నారమ్మా? వైజాగయితే మా సెల్లి ఉన్నాది. డాక్టర్లు మన మాట మాటాడతారు. సాయంత్రం మద్రాసు బండికి ఎల్లిపోతాం."

మావాళ్ళు ఇంతే. తాతల కాలంలో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు, బెంగాలీలో బేరాలాడతారు, పెద్ద జబ్బొస్తే మాత్రం రైలెక్కి వైజాగ్ పోతారు. మా అమ్మ కంటి ఆపరేషన్‌కీ అలాగే పోయాం. కానీ ఇది కన్ను కాదు కదా. నేను అరిచాను. రాత్రంతా ప్రయాణం, దారిలో ఏమైనా అయితే ఎవరున్నారని అరిచాను. డాక్టరు కూడా వద్దన్నాడు.

లోపల మంచం మీదున్న ప్రేమ్ నవ్వాడు. "నాకు బాగానే ఉన్నాది అక్కా. నొప్పి పోయినాది."

"నువ్వైనా చెప్పు," అన్నాను సత్యవాణితో. ఆమె మొగుడి వంక చూసింది, మామ వంక చూసింది. "మావ సెప్పినట్టే కానీ అక్కా," అంది. ఆ పిల్లని ఏమనగలను?

ఇక చేసేది లేక వైజాగ్ ఆస్పత్రి పేరు మీద కంపెనీకి అర్జీ పంపాను. 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. బాబాయి తెర మీదికి వంగి చూశాడు.

"ఏటమ్మా ఇది, వెయిటింగ్ లిస్టా, ఆర్‌ఏసీయా?"

"రెండూ కాదు బాబాయ్. వాళ్ళింకా సరేననలేదు."

"కాదని కూడా అన్లేదు కదా. అయితే ఆర్‌ఏసీయే. అది సాలు, బండెక్కనిస్తారు. దారిలో కన్ఫర్మ్ అయిపోద్ది."

"ఇది రైలు కాదు బాబాయ్, ఆస్పత్రి. బెడ్డు ఇచ్చినట్టు కాదు," అన్నాను. ఆయన అప్పటికే కార్డు జేబులో పెట్టుకున్నాడు. బతుకంతా రైళ్ళు బాగుచేసినవాడికి నా మాట ఎక్కలేదు. సొంత బాధ్యత మీద తీసుకెళ్తున్నామని సంతకం చేసి వెళ్ళిపోయారు. తెలిసిన టీసీ కింది బెర్తు ఇప్పించాడట.

వాళ్ళు వెళ్ళాక కంపెనీకి ఫోన్ చేశాను. పాట వచ్చింది. పాట మధ్యలో ఒకమ్మాయి తీయగా, మా సభ్యుల సంఖ్య కోటి దాటింది, మా కుటుంబం ఇంకా పెద్దదవుతోంది అని చెప్పింది. మళ్ళీ పాట. ఆ పాట వినీ వినీ నాకు ఏడుపొచ్చింది. వైజాగ్ ఆస్పత్రికి చేస్తే, కంపెనీ సరేనంటేనే బెడ్డు అన్నారు. బాలేశ్వర్ స్టేషన్‌లో ప్రేమ్ టీ తాగినాడని సత్యవాణి ఫోన్ చేసినప్పుడు, ఆ సంగతి ఆమెకీ చెప్పాను. "మావ కన్ఫర్మ్ అయిపోద్దంటన్నారు అక్కా," అంది.

మర్నాడు పొద్దున నేను కౌంటర్‌లో కూర్చోగానే బాబాయి ఫోన్ వచ్చింది.

"పలాసలో దింపేసినామమ్మా." గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "బరంపురం దాటినాక ఒక్కపాలి లెగిసి కూకున్నాడు. మరంతే. మా తాతలూరు ఈ పక్కనే, అక్కడికే తీసుకెల్లిపోతన్నాం."

వెనక సత్యవాణి ఏడుపు వినబడుతోంది.

"ఒక్క పని సెయ్యమ్మా. ఆ వైజాగు ఆస్పత్రోలకి ఫోన్ సేసి సెప్పు. మా బెడ్డు ఇంకెవులికైనా ఇచ్చీమను. పాపం, ఎవులో కాసుకునుంటారు."

కంప్యూటర్‌లో చూశాను. 'పరిశీలనలో ఉంది' అనే ఉంది.

"సరే బాబాయ్," అన్నాను. "చెప్తాను."