ఓబన్న చెప్పిన సాక్ష్యం

ఓబన్న ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటొకటి ఉండేది. అధికారి అడిగితే ఎవరి పేరూ చెప్పకూడదు. మంచికి చెప్పినా చెడ్డకు చెప్పినా, సర్కారు చెవిన పడ్డ మనిషి బాగుపడడని వాళ్ల నమ్మకం. పగలతో కాగిపోయిన ఊరు మరి, ఊరికే వస్తాయా అలాంటి నమ్మకాలు!

మతి చెడినప్పుడు ఓబన్న సొంత తమ్ముణ్ణే రోకలితో కొట్టి చంపాడు. ఒళ్లు తెలియక చేశాడని జడ్జిగారు ఉరి తప్పించి, కడప ఊరి బయట అలాంటి ఖైదీల కోసం పెట్టిన వార్డుకు పంపారు. అక్కడి డాక్టరు, నర్సు కృపమణి, వార్డరు రసూల్ సాహెబ్ కలిసి అతణ్ణి మళ్లీ మనిషిని చేశారు. వాళ్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నా రుణం తీరదని ఓబన్న రోజూ అనుకునేవాడు. బయటికి అంటేనా? అదీ లేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో అక్కణ్ణుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. వార్డులో రోగులను కొడుతున్నారని ఎవరో ఆయన చెవిన వేశారట. సిబ్బందిని బయటికి పంపి ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు.

"నిన్నెవరైనా కొడుతున్నారా?"

"నాకేం తెల్దు సామీ," అన్నాడు ఓబన్న.

"పోనీ, బాగా చూసేదెవరు?"

"అదీ తెల్దు సామీ."

మిగతావాళ్లూ ఆ పక్క పల్లెలవాళ్లే. అందరిదీ ఒకటే మాట. ఆఫీసరుకు ఒళ్లు మండిపోయింది. "నోరు విప్పలేనంతగా భయపెట్టారా! రేపే అందరినీ మార్చేయిస్తాను," అని జీపు వైపు నడిచాడు. అయ్యో రామా, కాపాడబోయి కొంప ముంచారు కదా!

కృపమణి నెత్తి కొట్టుకుంది. "ఏమప్పా ఓబన్నా, నోట్లో నాలుక లేదా నీకు? మేం పోతే నిన్నెవరు చూస్తారప్పా?"

"పోనీలేమ్మా," అన్నాడు రసూల్ సాహెబ్. "యాడైనా బతుకుతాం. ఈయప్పకు మందు మాత్రం తప్పకుండా ఇయ్యమని కొత్తోళ్లకు చెప్పు."

ఆ మాటకు ఓబన్న గుండె చెరువైంది. పరుగెత్తి, కదలబోతున్న జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రాసుకోండి సామీ! రసూల్ సాహెబు. కృపమణమ్మ. డాక్టరయ్య పేరు నాకు తెల్దు, కండ్లద్దాలు పెట్టుకుంటాడు. శానా మంచోళ్లు సామీ!"

"వాళ్లకు భయపడి చెబుతున్నావా?"

"నాకు నేనంటేనే భయం సామీ. తమ్ముణ్ణి చంపిన చేతులివి. మాయమ్మ గూడా నా పక్కకు రాలే. మతి తిరిగొచ్చినాక ఈ చేతులు చూసుకోని ఏడుస్తాంటే, అన్నం ముట్టకుండా పండుకుంటాంటే, రసూల్ సాహెబు నా ముందర కూచున్యాడు. 'నాకు ఆకలైతాండాది, నీ చేత్తో ఒక ముద్ద పెట్టప్పా' అన్యాడు. పెడితే తిన్యాడు సామీ."

ఆఫీసరు జీపు దిగాడు. "వాళ్లెక్కడికీ పోరులే, ఓబన్నా," అన్నాడు.